అనుభవం లేదన్నారు

అమెరికాలో తెలుగువాళ్ళు అనగానే డాక్టర్లు, ఇంజనీర్లు, కంప్యూటరు నిపుణులు అని చెప్పుకోవడం మనకు అలవాటు. మన సంఘాల సావనీర్లు తిరగేస్తే ఆ ఫొటోలే ఎక్కువ కనిపిస్తాయి. అందులో తప్పేమీ లేదు. కానీ అన్నగారో అక్కగారో పెట్టిన పిటిషను మీద పధ్నాలుగు, పదిహేనేళ్ళు ఎదురుచూసి, నలభయ్యో పడి దగ్గరపడ్డాక పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి దిగినవాళ్ళు కూడా మన మధ్యనే ఉన్నారు. ఉగాదినాడు పచ్చడి కలిపే చోటా, సంక్రాంతికి ముగ్గులు వేసే చోటా వాళ్ళు ముందుంటారు. సోమవారం తెల్లవారితే ఏ పనికి వెళుతున్నారో మనం అడగం, వాళ్ళూ చెప్పరు.

అటువంటి కుటుంబాల ఆడవాళ్ళలో కొందరు ఈమధ్య నర్సింగ్ అసిస్టెంటు శిక్షణ తీసుకుంటున్నారు. శిక్షణ ఎక్కడ, ఎన్ని వారాలు, ఫీజెంత అన్న సంగతులు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. పరీక్ష పాసై సర్టిఫికెట్టు చేతికొచ్చాక మొదటి ఉద్యోగం ఎలా సంపాదించాలన్నది మాత్రం ఎవరికి వారు తిరిగి తెలుసుకోవలసిందే. నేను షికాగో శివార్లలో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. వారానికి రెండు రోజులు నర్సింగ్ హోముల్లో రౌండ్లు చేస్తాను. మా పిన్ని కూతురు 2023 చివర్లో ఈ మొదటి ఉద్యోగం కోసం పదకొండు వారాలు తిరిగింది. ఆ సంగతులు రాస్తానంటే, "పేరు మాత్రం వద్దక్కా, మిగతాదంతా రాయి, ఎవరికైనా పనికొస్తుంది" అంది. అందుకని ఇక్కడ తనను చెల్లెలు అనే పిలుస్తాను.

ఏమిటీ పని?

లేవలేని మనిషిని లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, బాత్‌రూముకు తీసుకెళ్ళడం, కదలలేనివాళ్ళకు డైపరు మార్చడం, ఒంటికి పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం, బి.పి., నాడి, జ్వరం చూసి రాయడం, ఎంత తిన్నారో ఎంత తాగారో లెక్క చెప్పడం - ఇవన్నీ నర్సింగ్ అసిస్టెంటు పనులు. దేశం మొత్తం మీద ఈ పని చేసేవాళ్ళు సుమారు 14 లక్షల మంది. నర్సింగ్ హోములో ఉండేవాళ్ళను పేషెంట్లు అనరు, రెసిడెంట్లు అంటారు. అది వాళ్ళ ఇల్లు, మనం వాళ్ళింటికి వెళ్ళి పనిచేస్తున్నాం అని అర్థం.

డాక్టరుగా నేను ఒక్కో రెసిడెంటు దగ్గర పది నిమిషాలుంటాను. నర్సు మందులిచ్చేటప్పుడూ, కట్లు కట్టేటప్పుడూ ఉంటుంది. ఎక్కువసేపు దగ్గరుండేది నర్సింగ్ అసిస్టెంటే. "ఈవేళ ఆవిడ కాఫీ ముట్టుకోలేదు", "ఆయన ఎడమచెయ్యి ఎత్తడం లేదు" అని ముందుగా కనిపెట్టేది వాళ్ళు. న్యుమోనియా అయినా, పక్షవాతమైనా నాకు వేళకు ఫోను వచ్చిందంటే, చాలాసార్లు ఇటువంటి చిన్నమాట ఎవరో నర్సు చెవిన వేసి ఉంటారు.

ఈ పనికి దేశమంతటా ఒక కొలమానం వచ్చింది 1987 నాటి ఫెడరల్ చట్టంతో. మెడికేరు, మెడికెయిడ్ డబ్బు తీసుకునే నర్సింగ్ హోముల్లో పనిచేసే అసిస్టెంట్లకు కనీసం 75 గంటల శిక్షణ, ఒక పరీక్ష, రాష్ట్ర రిజిస్ట్రీలో పేరు ఉండాలని ఆ చట్టం చెప్పింది. రాష్ట్రాలు ఆ గంటలు పెంచుకోవచ్చు. మా ఇలినాయ్‌లో 120 గంటలు, కాలిఫోర్నియాలో 160.

పదకొండు వారాలు

చెల్లెలిది తెనాలి. బి.కాం. చదివి అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు రాసేది. 2004లో ఆడపడుచు పెట్టిన పిటిషను 2019లో పండింది. మా మరిది ఒక గిడ్డంగిలో పనికి కుదిరాడు. చెల్లెలు కొన్నాళ్ళు ఇండియన్ స్టోరులో పప్పులు ప్యాకెట్లు కట్టింది. 2023 ఆగస్టులో కమ్యూనిటీ కాలేజీలో ఈ కోర్సులో చేరి, నవంబరులో పరీక్ష పాసయింది. థాంక్స్ గివింగ్ వారానికి రిజిస్ట్రీలో పేరెక్కింది. ప్రతి నర్సింగ్ హోము ముందూ మనుషులు కావాలని బోర్డు ఉండనే ఉంది కదా, ఇక ఉద్యోగానికేం లోటు అనుకున్నారు ఇంటిల్లిపాదీ.

కంప్యూటరు ముందు కూర్చుని ముప్పైకి పైగా దరఖాస్తులు పంపింది. ప్రతి ఫారంలోనూ "ఎన్నేళ్ళ అనుభవం?" అని ఒక గడి. అందులో సున్నా వేసేది. ఆస్పత్రుల నుంచి రెండోరోజుకే వద్దని జవాబు. మనుషులను సరఫరా చేసే ఏజెన్సీలు ఏడాది అనుభవం ఉంటేనే రమ్మన్నాయి. మిగతా చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు.

మనుషులు లేరని బోర్డు పెట్టి, వచ్చిన మనిషిని ఎందుకు తీసుకోరు? బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళను కొన్ని రోజులపాటు అనుభవమున్న అసిస్టెంటు వెంట తిప్పి పని చూపించాలి. అన్ని రోజులూ ఇద్దరికి జీతమిచ్చి ఒక్కరి పనే జరుగుతుంది. మనుషులకు మరీ కరువుగా ఉన్న చోట పని చూపించే మనిషే దొరకదు. అందుకని ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడే కొత్తవాళ్ళంటే వెనకాడతారు. నీళ్ళు లేని ఊళ్ళో బావి తవ్వడానికి వచ్చినవాణ్ణి, ముందు నీళ్ళు తెచ్చావా అని అడిగినట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

దానికి తోడు మన ఇబ్బందులు మనకున్నాయి. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే మోసగాళ్ళేమో అని చెల్లెలు ఎత్తేది కాదు. సందేశం వదులుదామంటే వాయిస్ మెయిల్ పెట్టుకోలేదు. రెండు చోట్ల నుంచి వచ్చిన పిలుపులు అలా పోయాయని తరవాత తెలిసింది. ఇంట్లో కారు ఒక్కటే, అది మరిదితో వెళ్ళిపోతుంది. డిసెంబరు మంచులో బస్సు దిగి అరమైలు నడిచి ఒక చోటికి వెళితే, రిసెప్షను బల్ల దగ్గరే "కంప్యూటరులో అప్లై చెయ్యండి" అని పంపేశారు.

జనవరిలో ఒక చోట ఇంటర్వ్యూకి పిలిచారు. "రెసిడెంటు ఈరోజు స్నానం వద్దంటే ఏం చేస్తారు?" అన్నది మొదటి ప్రశ్న. "మంచిమాటలు చెప్పి ఎలాగైనా చేయిస్తాను" అంది చెల్లెలు. తెనాలిలో అయితే అది సరైన జవాబే. పెద్దవాళ్ళు మారాం చేస్తే బుజ్జగించి స్నానం చేయించడం మన ఇళ్ళలో ప్రేమ కిందే లెక్క. ఇక్కడ వద్దనడం రెసిడెంటు హక్కు. అదే 1987 చట్టం ఆ హక్కునూ రాసింది. "సరేనండి, తరవాత మళ్ళీ అడుగుతాను, ఇప్పుడు ముఖం కడుక్కోవడానికి వెచ్చని గుడ్డ ఇవ్వమంటారా అని అడిగి, విషయం నర్సుకు చెబుతాను" అనాలి. ఆ ఉద్యోగం రాలేదు.

లెక్కకు రాని ఆరేళ్ళు

ఆ ఆదివారం మా వంటింట్లో కూర్చుని తన రెజ్యూమే చూశాను. స్కూలు లెక్కలూ, పప్పుల ప్యాకెట్లూ ఉన్నాయి. "అత్తగారి సంగతి ఏదే?" అన్నాను. "అదేం ఉద్యోగమా అక్కా" అంది.

వాళ్ళ అత్తగారికి 2012లో పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. 2018లో ఆవిడ పోయేదాకా ఆరేళ్ళు అన్నీ మంచం మీదే. స్నానం, తిండి, పక్కమార్పు, మలమూత్రాలు, మింగలేని మనిషికి పొరబోకుండా జావ పట్టడం, రాత్రిళ్ళు లేచి పక్కకు తిప్పడం - అన్నీ చెల్లెలే చేసింది. ఆరేళ్ళలో ఆవిడ వీపున ఒక్క పుండు పడలేదు. ఆ మాట ఎంత పెద్దదో పుండ్లకు రోజూ కట్లు కట్టించే మావంటి డాక్టర్లకు తెలుసు. అయినా ఫారంలోని గడిలో దానికి విలువ సున్నా.

ఇద్దరం కూర్చుని దాన్ని ఉన్నదున్నట్టు రాశాం. "పక్షవాతం వచ్చిన కుటుంబ సభ్యురాలికి ఆరేళ్ళు ఇంట్లో పూర్తి సంరక్షణ, జీతం లేకుండా" అని. ఎక్కడో క్లినిక్కులో పనిచేసినట్టు రాసుకోమని ఒకరిద్దరు సలహా ఇచ్చారట. అటువంటి పని ఎన్నడూ చెయ్యకూడదు. ఈ రంగంలో వేలిముద్రల దగ్గర నుంచి పాత ఉద్యోగాల దాకా అన్నీ ఆరా తీస్తారు. ఉన్న నిజం మనవైపే ఉన్నప్పుడు అబద్ధం దేనికి?

వదినగారి మాట

ఉద్యోగం దొరక్కపోవడం కంటే చెల్లెల్ని ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. సంక్రాంతి భోజనాలప్పుడు ఆడపడుచు, "మన ఇంటి కోడలు పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తడమేమిటి? క్యాషియరుగా చేరరాదూ? నలుగురికీ ఏమని చెప్పుకోను?" అంది. ఆవిడ దుర్మార్గురాలేమీ కాదు. పిటిషను పెట్టి, పదిహేనేళ్ళు కాగితాల చుట్టూ తిరిగి తమ్ముడి కుటుంబాన్ని రప్పించుకున్న మనిషి. మన పెద్దవాళ్ళు నేర్పిన అంటూ సొంటూ లెక్క ఆవిడ నోట అలా పలికింది.

చెల్లెలు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, "మీ అమ్మగారికి చేసినప్పుడు సేవ అన్నారు వదినా. ఇంకొకళ్ళ అమ్మకు చేసి జీతం తీసుకుంటే నీచం ఎలా అయింది?" అని అడిగిందట. వదినగారు జవాబు చెప్పలేదు. మూడు వారాలు ఫోనూ చెయ్యలేదు.

గుంటూరు జిల్లా మనుషులం కాబట్టి ఇక్కడ ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లేడీ డాక్టరు గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆస్పత్రి తెరిచింది. మనవాళ్ళు దాన్ని ఇప్పటికీ కుగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. చెల్లెలు పుట్టింది అందులోనే. ఆ రోజుల్లో తెలుగు ఆడపిల్లలు నర్సు పనికి వెళ్ళడానికి మన ఇళ్ళు ఒప్పుకునేవి కావు. ఎక్కువగా వెళ్ళింది క్రైస్తవ కుటుంబాల పిల్లలు. వాళ్ళ చేతుల మీదుగా పుట్టి, వాళ్ళ చేత మందులు తాగి పెరిగిన మనం, ఆ పనికి మాత్రం ఒక మెట్టు కిందే పీట వేశాం. సముద్రాలు దాటి వచ్చినా ఆ పీట మన సామానుతో పాటే వచ్చింది.

తలుపు తెరుచుకున్న తీరు

శిక్షణలో భాగంగా చెల్లెలు కొన్ని రోజులు ఒక నర్సింగ్ హోములో పనిచేసింది. అక్కడ మతిమరుపు జబ్బున్న ఒక పెద్దావిడ చెంచా దగ్గరకు తెస్తే నోరు బిగించేది. చెల్లెలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, అర చెంచా పెట్టి, మింగిందాకా ఆగి, పెదవి తుడిచి, మళ్ళీ అర చెంచా పెట్టేది. ముప్పావు గంటకు పళ్ళెం ఖాళీ అయ్యేది. అత్తగారి దగ్గర నేర్చుకున్న ఓపిక అది.

అక్కడికి వెళ్ళి స్వయంగా అడగమన్నాను. అది నేను రౌండ్లకు వెళ్ళే చోటు కాదు, నా మాట పలుకుబడి ఏమీ లేదు. ఫిబ్రవరి రెండో వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు, భోజనాల హడావుడి తగ్గి షిఫ్టు మారకముందు వెళ్ళింది. సిబ్బంది శిక్షణ చూసే నర్సు తనను చూడగానే, "నువ్వు ఆవిడకు అన్నం తినిపించిన అమ్మాయివి కదూ" అందట. స్నానం ప్రశ్న అక్కడా అడిగారు. ఈసారి జవాబు సరిగ్గా వచ్చింది. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు, వారం విడిచి వారం శని ఆదివారాలు, గంటకు పద్దెనిమిది డాలర్లు. దేశం మొత్తం మీద ఈ పనికి మధ్యస్థ వేతనం 2024లో గంటకు సుమారు 19 డాలర్లు. చేసే చాకిరీకి అది తక్కువే అని నా అభిప్రాయం.

పని సుఖమైనదని నేను చెప్పను. సాయంత్రం షిఫ్టులో పన్నెండు మంది తన పాలిట. మొదటి నెల నడుము నొప్పితో నేల మీద పడుకునేది. నడుముకు కట్టే బెల్టూ, ఎత్తే యంత్రమూ వాడకుండా ఒంటి బలంతో ఎత్తితే ఈ పనిలో నడుములు పోతాయి. ఒక ముసలాయన నువ్వు ముట్టుకోవద్దంటూ తన రంగునూ యాసనూ తిట్టేవాడు. బయటికి వచ్చి, నర్సుకు చెప్పి, పది నిమిషాలాగి మళ్ళీ వెళ్ళడం నేర్చుకుంది.

ఏప్రిల్లో ఒక రాత్రి పదకొండున్నరకు ఫోను చేసింది. ఆ అన్నం తినని పెద్దావిడ పోయిందట. "చివరి గంటలో తడి స్పాంజితో పెదవులు అద్దానక్కా. మనం తులసి తీర్థం పోస్తాం చూడు, అలాగే అనుకున్నాను" అంది. ఆవిడ కూతురు చెల్లెలి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదట.

వెతుక్కునేవారికి నాలుగు మాటలు

శిక్షణలో పనిచేసిన నర్సింగ్ హోములోనే ముందు అడగండి. మీ చేతి పని అక్కడివాళ్ళు చూసి ఉంటారు. ఆస్పత్రి ఉద్యోగం ఏడాది తరవాత చూసుకోవచ్చు. సాయంత్రం, రాత్రి షిఫ్టులకూ, శని ఆదివారాలకూ ఒప్పుకుంటే తలుపు త్వరగా తెరుచుకుంటుంది. అవసరమైనప్పుడు పిలిచే పి.ఆర్.ఎన్. పని అయినా తీసుకోండి. అనుభవం గడి నిండుతుంది.

ఒక ఫోల్డరులో అన్నీ సిద్ధంగా పెట్టుకోండి: రిజిస్ట్రీ కాగితం, టి.బి. పరీక్ష ఫలితం, టీకాల వివరాలు, సి.పి.ఆర్. కార్డు, శిక్షణ ఇచ్చిన టీచరుతో సహా మీ గురించి చెప్పగల ఇద్దరి ఫోను నంబర్లు. హెపటైటిస్ బి టీకా, రక్తం తగిలే పనిలో ఉన్నవారికి యజమానే ఉచితంగా ఇవ్వాలి. ఫోను ఎత్తండి. వాయిస్ మెయిల్ ఇంగ్లీషులో, నిదానంగా, పేరు చెప్పి పెట్టుకోండి.

మీరూ ప్రశ్నలు అడగండి. ఒక్కొక్కరికి ఎంతమంది రెసిడెంట్లు? ఎన్ని రోజులు వెంట ఉండి పని చూపిస్తారు? ఎత్తే యంత్రాలు పనిచేస్తున్నాయా? జవాబు చెప్పడానికి విసుక్కునే చోట చేరకపోవడం మంచిది.

డబ్బు సంగతి. సొంత ఖర్చుతో శిక్షణ పొంది, పూర్తయిన ఏడాదిలోగా మెడికేరు, మెడికెయిడ్ నర్సింగ్ హోములో చేరితే, పనిచేస్తున్న కాలాన్ని బట్టి ఆ ఖర్చు తిరిగి ఇప్పించాలని ఫెడరల్ నిబంధన ఉంది. వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోవచ్చు, అడగాలి. చెల్లెలికి అడిగాకే వచ్చింది. ముందే ఉద్యోగమిస్తామని చెప్పి చేర్చుకున్న నర్సింగ్ హోము శిక్షణకు ఫీజు తీసుకోకూడదు కూడా. సర్టిఫికెట్టును పెట్టెలో దాచి ఊరుకోకండి. వరుసగా 24 నెలలు జీతానికి ఈ పని చెయ్యకపోతే మళ్ళీ శిక్షణో పరీక్షో తప్పదు.

వీసా సంగతి అన్నిటికంటే ముఖ్యం. గ్రీన్ కార్డున్నవాళ్ళకు ఇబ్బంది లేదు. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు, 2015 నుంచి కొందరికి ఇస్తున్న పని అనుమతి కార్డు చేతిలో ఉంటేనే చెయ్యాలి. విజిటరు వీసా మీద వచ్చిన అమ్మలూ అత్తగార్లూ, ఎవరో నగదు ఇస్తామన్నారని ముసలివాళ్ళను చూసుకునే పనికి ఒప్పుకోకూడదు.

ఇక మనలో డాక్టర్లకూ, సంఘం పెద్దలకూ ఒక విన్నపం. నర్సింగ్ హోముల తలుపులు మనకు రోజూ తెరుచుకుంటాయి. ఎక్కడ కొత్తవాళ్ళకు ఓపిగ్గా పని నేర్పుతారో, ఎక్కడ మనుషుల్ని పిండుతారో మనకు తెలుసు. సిఫారసు చెయ్యనక్కరలేదు, ఆ సమాచారం చెబితే చాలు. తెలుగు బడి నడిచే ఆదివారాలు, పిల్లలు లోపల గుణింతాలు రాసుకునే గంటలో, బయట ఎదురుచూసే తల్లులకు ఇంటర్వ్యూ ప్రశ్నలు అడిగి అలవాటు చెయ్యవచ్చు. ఒకే దారిలో రాత్రి షిఫ్టు దిగేవాళ్ళను కలిపి కార్లు సర్దవచ్చు. వీటికి విరాళాలు అక్కరలేదు.

వదినగారు ఇప్పుడు మాట్లాడుతున్నారు. గుళ్ళో ఎవరైనా అడిగితే "మా మరదలు హాస్పిటల్లో పనిచేస్తుంది" అని చెబుతారట. చెల్లెలు నవ్వుకుని ఊరుకుంటుంది. వచ్చే సంవత్సరం ఉగాది సంచికలో డాక్టర్ల ఫొటోల పక్కన, యూనిఫారం వేసుకున్న మన నర్సింగ్ అసిస్టెంట్ల ఫొటో కూడా ఒకటి వెయ్యమని సంపాదకులను కోరుతున్నాను. పేరు వేసుకోవడానికి చెల్లెలు ఒప్పుకుంటుందేమో అప్పుడు అడుగుతాను.